కాగితపు పూల చెట్టు: ఒక చేజర్ల జ్ఞాపకం

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గం వారు కోరినప్పుడు నేను ఎంచుకున్న విషయం విని మిత్రులు నవ్వారు. "పే రివిజన్ గురించో, డి.ఏ. బకాయిల గురించో రాయక పూలచెట్టు గురించి ఏమిటి సార్?" అన్నారు. ఆ విషయాలు నాకంటే బాగా రాయగల సమర్థులు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను రాయబోయేది మనం సర్వీసులో ఉన్నన్నాళ్ళూ ఆఫీసు గేటు పక్కన చూసి, ఒక్కనాడూ పట్టించుకోని పొద గురించి. దాన్ని మనం కాగితపు పూల చెట్టు అంటాం. ఇంగ్లీషువాళ్ళు బోగన్‌విలియా అంటారు. చివరిదాకా చదివితే ఇందులోనూ ఒక పెన్షన్ సంగతి ఉందని పాఠకులకే తెలుస్తుంది.

మొన్న సంక్రాంతి తర్వాత ఒక బంధువుల శుభకార్యానికి చేజర్ల వెళ్ళాను. చేజర్ల అనగానే చాలామంది "కపోతేశ్వరస్వామి గుడి ఉన్న ఊరేనా?" అని అడుగుతారు. అది పల్నాటి సీమలో నరసరావుపేట వైపు ఉన్న చేజర్ల. నేను చెప్పేది నెల్లూరు జిల్లాలో, ఆత్మకూరు ప్రాంతంలో ఉన్న మన చేజర్ల. నా సర్వీసులో ఆరేళ్ళు అక్కడే గడిచాయి. నేను పనిచేసిన కార్యాలయం పేరు ఇక్కడ చెప్పను, అవసరమూ లేదు. ఆ పాత కట్టడం పెచ్చులూడి, తలుపులు ఊడి ఉంది. దాన్ని పడగొట్టి ఆవరణ చదును చేస్తారని అక్కడి కుర్రవాడు చెప్పాడు. గేటు పక్కన మాత్రం నా ఎత్తుకు రెండింతలు పెరిగిన కాగితపు పూల చెట్టు, ఒక్క ఆకు కనపడకుండా, రాణీ రంగులో విరగబూసి ఉంది.

"ఇది కూడా తీసేస్తారా నాయనా?" అని అడిగాను.

"ముళ్ళ చెట్టు కదా సార్, దాన్ని ఉంచి ఏం చేస్తారు?" అన్నాడు.

ఆ మాట నా మనసులో గుచ్చుకుంది. అది నాటిన చేతులు నాకు తెలుసు. అందుకే ఈ వ్యాసం.

ఓడ ఎక్కిన మొక్క

ఈ చెట్టు మనది కాదు. దీని పుట్టిల్లు దక్షిణ అమెరికా. బ్రెజిల్, పెరూ, అర్జెంటీనా దేశాల్లో సహజంగా పెరిగేది. దీని పేరు లూయీ ఆంత్వాన్ ద బోగన్‌విల్ అనే ఫ్రెంచి నావికాధికారిది. ఆయన 1766లో బయలుదేరి, భూమి చుట్టూ తిరిగి 1769లో స్వదేశం చేరాడు. ఫ్రాన్సు ప్రభుత్వం తరఫున భూప్రదక్షిణ చేసిన మొదటి యాత్ర అదే. ఆ యాత్రలో రెండు ఓడలు ఉండేవి. ఒకటి బోగన్‌విల్ ప్రయాణించిన బూదూజ్, రెండోది సరుకుల ఓడ ఎత్వాల్. ఆ రెండో ఓడలో ఫిలిబెర్ కామర్సన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఉండేవాడు. దారిలో తగిలిన ప్రతి తీరంలోనూ మొక్కలు సేకరించి, ఎండబెట్టి, కాగితాల మధ్య పెట్టి, వివరాలు రాయడం ఆయన ఉద్యోగం.

1767లో ఓడలు బ్రెజిల్‌లోని రియో డి జనీరో రేవులో ఆగినప్పుడు అక్కడ దొరికిన మొక్కల్లో ఈ రంగుల తీగ ఒకటి. కామర్సన్ దానికి తన నాయకుడి పేరు పెట్టాడు. ఆయన 1773లో మారిషస్ దీవిలో మరణించాడు. ఆయన సేకరించిన మొక్కలు 30కి పైగా పెట్టెల్లో పారిస్ చేరాయి. వాటి ఆధారంగా జుస్యూ అనే పండితుడు 1789లో ఈ జాతిని గ్రంథస్థం చేశాడు. అందులో పేరు అక్షరాలు తారుమారయ్యాయి. అవి సరి అయ్యేసరికి ఇరవయ్యో శతాబ్దం వచ్చింది. సర్వీసు రిజిస్టరులో పేరు తప్పుపడితే సరిచేయించుకోవడానికి ఎన్నేళ్ళు పడుతుందో మనకు తెలియనిది కాదు!

ఇక్కడ అసలు సంగతి ఒకటి ఉంది. కామర్సన్‌కు కాలు బాగుండేది కాదు. కొండలెక్కి, అడవుల్లో తిరిగి, పెట్టెలు మోసి, మొక్కలు కోసుకొచ్చింది చాలావరకు ఆయన సహాయకుడు. ఆ సహాయకుడు నిజానికి స్త్రీ. ఆమె పేరు జాన్ బరే. 1740లో ఫ్రాన్సులోని ఒక పల్లెలో పేద కుటుంబంలో పుట్టింది. రాజుగారి ఓడల్లో స్త్రీలు ప్రయాణించకూడదని ఆ రోజుల్లో నిషేధం. అందుకని మగవేషం వేసుకుని ఓడ ఎక్కింది. 1768లో తాహితీ దీవి చేరినప్పుడు గుట్టు బయటపడిందని బోగన్‌విల్ తన యాత్రా గ్రంథంలో రాశాడు. భూమి చుట్టూ తిరిగి వచ్చిన మొదటి స్త్రీగా చరిత్ర ఆమెను గుర్తిస్తున్నది. రియోలో ఈ పూలకొమ్మను మొదట కోసిన చెయ్యి కూడా ఆమెదే అయి ఉండవచ్చునని కొందరు చరిత్రకారుల అభిప్రాయం.

చెట్టుకు నాయకుడి పేరు వచ్చింది. పదుల కొద్దీ ఇతర మొక్కలకు కామర్సన్ పేరు వచ్చింది. బరే పేరు మాత్రం దాదాపు రెండున్నర శతాబ్దాల పాటు ఏ మొక్కకూ నిలవలేదు. చివరకు 2012లో వంకాయ, బంగాళాదుంప కుటుంబానికి చెందిన ఒక అడవి మొక్కకు ఆమె పేరు పెట్టారు. అయితే ఒక న్యాయం మాత్రం ఆమె బతికుండగానే జరిగింది. 1785లో ఫ్రాన్సు నౌకా మంత్రిత్వశాఖ ఆమె కష్టాన్ని, ధైర్యాన్ని గుర్తించి ఏడాదికి 200 లీవ్రుల పెన్షన్ మంజూరు చేసింది. ఆమె 1807లో మరణించింది. నియామకపు ఉత్తర్వు లేని, నిబంధనలకు విరుద్ధంగా ఓడ ఎక్కిన మనిషికి, చేసిన పనిని చూసి పెన్షన్ ఇచ్చారన్నమాట! మొదట చెప్పిన పెన్షన్ సంగతిలో సగం ఇది. మిగతా సగం చేజర్లలో ఉంది.

మన దేశానికి రాక

ఐరోపా తోటల ద్వారా ఈ మొక్క 1860 ప్రాంతంలో కలకత్తా చేరిందంటారు. కలకత్తాలో అప్పటికే ఒక పెద్ద ఉద్యాన సంఘం ఉండేది. 1820లో దాన్ని స్థాపించినది విలియం కేరీ. మతప్రచారకుడుగా వచ్చిన ఈ కేరీయే 1814లో శ్రీరాంపురం నుండి తెలుగు భాషకు ఒక వ్యాకరణం కూడా అచ్చువేయించాడు. ఇరవయ్యో శతాబ్దంలో కాగితపు పూలలో ఎన్నో కొత్త రకాలు కలకత్తా, బెంగుళూరు, లక్నో, ఢిల్లీ తోటల్లో పుట్టాయి. ఒకే చెట్టుమీద తెలుపు, గులాబీ రంగులు రెండూ పూసే 'మేరీ పామర్' కలకత్తాలో పుట్టినదే. ఎర్రరంగుకు పేరుపడ్డ 'మిసెస్ బట్' మాత్రం 1910లో కొలంబియా దేశంలో దొరికింది.

ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థకు డైరెక్టరుగా పనిచేసిన డాక్టరు బి.పి. పాల్ గోధుమ శాస్త్రవేత్తగా ప్రసిద్ధుడు. ఆయనకు గులాబీలన్నా, కాగితపు పూలన్నా ప్రాణం. ప్రపంచంలో ఎక్కడ కొత్త రకం కాగితపు పూలు పుట్టినా నమోదు చేసే బాధ్యతను 1966లో ఆ ఢిల్లీ సంస్థకే అప్పగించారు. బ్రెజిల్ అడవి మొక్కకు రిజిస్ట్రారు ఆఫీసు మన దేశంలో ఉందన్నమాట.

తోటల నుండి ఈ మొక్క రైల్వేస్టేషన్లకు, ట్రావెలర్స్ బంగళాలకు, కచేరీలకు పాకింది. కారణం సులువే. దీనికి నీళ్ళు పెద్దగా అక్కరలేదు, కంచెగా పనికివస్తుంది, కొమ్మ గుచ్చితే బతుకుతుంది. బడ్జెటు లేని ఆఫీసుకు ఇంతకంటే ఏం కావాలి?

మరో విశేషం. ఇది పూర్తిగా పరాయి కులమూ కాదు. మన పెరట్లో సాయంకాలం పూసే చంద్రకాంత, మన చేలగట్లమీద పాకే అటికమామిడి, ఈ కాగితపు పూలు, మూడూ ఒకే వృక్ష కుటుంబానివి. మనం పువ్వు అనుకునే రంగు రేకులు నిజానికి పువ్వులు కావు, రంగు మారిన ఆకులు. మూడు రంగుటాకుల మధ్య సన్నగా, తెల్లగా గొట్టంలా ఉండేదే పువ్వు. వాసన లేదు, దేవుడికి పెట్టరు, ఆడవాళ్ళు తలలో పెట్టుకోరు. అందుకే మనవాళ్ళు 'కాగితపు పూలు' అని ఒక మెట్టు కిందే ఉంచారు.

చేజర్లలో మెమో

1985లో రాష్ట్రంలో తాలూకాలు పోయి మండలాలు వచ్చిన సంగతి మనలో పెద్దవారికి గుర్తే. ఊరూరా కొత్త కార్యాలయాలు, కొత్త బోర్డులు. ఆవరణల్లో మాత్రం నీడకు ఒక్క చెట్టు ఉండేది కాదు. 1986లో నేను జూనియర్ అసిస్టెంటుగా చేజర్ల వెళ్ళినప్పుడు మా ఆఫీసు ముందు ఎర్రమట్టి, గులకరాళ్ళు తప్ప ఏమీ లేవు. ఊడ్చి, నీళ్ళు తెచ్చి, మొక్కలు చూసుకోవడానికి పార్ట్‌టైం కింద ఒక పెద్దాయన ఉండేవాడు. వయసు యాభై పైమాటే. అంతకుముందు నిమ్మతోటల్లో కూలికి పోయేవాడు. మేమందరం 'పెద్దాయనా' అనే పిలిచేవాళ్ళం. మమ్మల్ని ఆయన 'సామీ' అనేవాడు.

ఆ ఏడు వానలకు ఆయన నెల్లూరు నుండి పెన్సిలు లావు కాగితపు పూల కొమ్మలు అయిదు తడి గోనెలో చుట్టి తెచ్చాడు. బస్సు చార్జీ ఎవరూ ఇవ్వలేదు, ఆయనా అడగలేదు. అయిదింటిలో రెండు బతికాయి. ఒకదాన్ని మేక తినేసింది. మిగిలినది గేటు పక్క మొక్క.

రెండేళ్ళు గడిచినా అది పూయలేదు. నిలువునా పెరిగింది, పచ్చగా ఆకు తొడిగింది, వేలెడంత ముళ్ళు వేసింది. రోజూ రెండు బిందెలు నీళ్ళు పోయించమని, పశువుల ఎరువు వేయించమని అప్పటి అధికారి ఆజ్ఞ. ఆయనకు మొక్కలంటే ఇష్టమే, కాకపోతే తెలియదు. 1988 డిసెంబరులో వానలు వెనుకపట్టాక పెద్దాయన ఆ మొక్కకు నీళ్ళు ఆపేశాడు. సంక్రాంతి నాటికి ఆకులు వాడి వేలాడాయి. అధికారి చూసి మండిపడ్డారు. "నీళ్ళు పోయడానికి కూడా బద్ధకమా? మెమో పుటప్ చెయ్యండి" అన్నారు. డ్రాఫ్టు రాసినది నేనే. 'విధి నిర్వహణలో నిర్లక్ష్యం' అని చక్కని దస్తూరీతో రాశాను. పెద్దాయన వేలిముద్ర వేసి తీసుకున్నాడు.

సాయంత్రం వరండాలో అడిగాను, "ఎందుకు పెద్దాయనా ఈ పని చేశావు? పోస్తే పోయేది గదా" అని.

"నిమ్మతోటను బెట్టకు పెట్టరా సామీ? దాహం తెలిస్తేనే గదా చెట్టుకు పూసే బుద్ధి పుట్టేది. ఇదీ అట్టనే. ఇంకో పదిరోజులు చూడండి, ఎట్టా పూస్తాదో" అన్నాడు. మెమో గురించి ఒక్కమాట అనలేదు.

నిమ్మ రైతులకు ఇది తెలిసిన విద్యే. తోటకు కొన్నాళ్ళు నీళ్ళు ఆపి, ఆకు వాడేదాకా బెట్ట ఇచ్చి, ఆ తర్వాత పాదులు తవ్వి ఎరువు వేసి నీరు కడితే పూత ఒక్కసారిగా వస్తుంది. కాగితపు పూల చెట్టులో దీని వెనుక ఉన్న కిటుకు తర్వాతి రోజుల్లో ఉద్యాన పుస్తకాల్లో చదివాను. ఈ చెట్టుకు ఆకు మొదట్లో పుట్టే మొగ్గ ముల్లు అయినా కావచ్చు, పూలగుత్తి అయినా కావచ్చు. నీళ్ళు, నత్రజని ఎరువు దండిగా దొరికితే చెట్టు పెరుగుదలమీదనే ఉండి, ఆ మొగ్గలు ముళ్ళుగా మారతాయి. పగటి పొద్దు తక్కువగా ఉండి, ఎండ బాగా కాసి, నేల ఆరినప్పుడు అవే మొగ్గలు పూలవుతాయి. మన నెల్లూరు జిల్లాలో సగానికి పైగా వాన ఈశాన్య ఋతుపవనాలతో అక్టోబరు నుండి డిసెంబరు లోపలే పడిపోతుంది. ఆ వెంటనే చిన్న పగళ్ళు, మంచి ఎండ, పొడినేల. కాగితపు పూలకు కావలసినది సరిగ్గా అదే. మేము బిందెలతో ఆ అదృష్టాన్ని చెడగొడుతూ వచ్చాం.

1989 శివరాత్రి నాటికి ఆ చెట్టు పూసింది. ఉగాది వరకూ పూస్తూనే ఉంది. ఆఫీసుకు పనిమీద వచ్చిన రైతులు గేటు దగ్గర ఆగి చూసేవారు. అధికారి కూడా సంతోషించి, వచ్చిన పెద్దలకు చూపించేవారు. మెమో మాత్రం ఎవరూ వెనక్కు తీసుకోలేదు. నేను గుర్తు చేయలేదు. ధైర్యం చాలక కాదు, తోచక. ఇది ఇంకా సిగ్గుపడవలసిన సంగతి.

అదే ఏడు నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫాను మనవాళ్ళెవరూ మరచిపోలేరు. మా వైపు వీచిన గాలికి చెట్టు మొదలంటా ఒరిగి, కొమ్మలు చీలిపోయాయి. పోయిందనుకున్నాం. పెద్దాయన మోకాలి ఎత్తున మొద్దు వదిలి అంతా నరికేశాడు. రెండు నెలలు తిరగకముందే మొద్దు చుట్టూ చిగుళ్ళు పుట్టాయి. ఈ చెట్టుకు నరకడం శిక్ష కాదని నేను నేర్చుకున్నది అప్పుడే.

ఉదయగిరిలో కొమ్మ

1992లో నాకు ఉదయగిరి బదిలీ అయింది. వెళ్ళేరోజు పెద్దాయన రెండు వేరుపట్టిన కొమ్మలు డబ్బాలో పెట్టి ఇచ్చాడు. "ఆడ నీళ్ళు ఇంకా కరువు సామీ, ఇది మాత్రం బతుకుతాది" అన్నాడు. శ్రీకృష్ణదేవరాయలు 1514లో గజపతుల నుండి సాధించిన దుర్గం ఉదయగిరిలోనే ఉంది. ఆ కొండ నీడన, రాళ్ళ మధ్య, అద్దె ఇంటి ముందు ఆ రెండు కొమ్మలూ నాటాను. చేజర్ల కంటే అక్కడే బాగా పూశాయి. నీళ్ళు పోద్దామన్నా లేవు మరి!

1994లో ప్రభుత్వం 212 నంబరు జీ.ఓ. ఇచ్చింది. 25-11-1993 నాటికి అయిదేళ్ళు ఎడతెగకుండా పనిచేసిన దినసరి ఉద్యోగులను, ఖాళీలకు లోబడి, క్రమబద్ధం చేయడానికి ఉద్దేశించినది. పెద్దాయన పార్ట్‌టైం గనుక అందులోకి రాలేదు. 1997లో పార్ట్‌టైం వారికి ఇచ్చిన 112 నంబరు జీ.ఓ.లో అదే తేదీ నాటికి పదేళ్ళు ఉండాలన్నారు. ఆయనకు ఏడేళ్ళే ఉన్నాయి. వయసు కూడా దాటింది. నేను రాసిన మెమో వల్ల ఆయనకు నష్టం జరిగిందని చెప్పలేను, లెక్క ప్రకారం ఎటూ వచ్చేది కాదు. కానీ ఆయన ఆ ఆఫీసులో చేసిన పనికి సాక్ష్యంగా ఫైలులో మిగిలిన ఒకే ఒక్క కాగితం నా దస్తూరీతో ఉన్న ఆ మెమో. పూసిన చెట్టును గురించి ఏ ఫైలులోనూ ఒక్క వాక్యం లేదు.

పెన్షన్ దయాధర్మం కాదు, ఉద్యోగి హక్కు అని సుప్రీంకోర్టు నకారా కేసులో 17-12-1982న తీర్పు చెప్పింది. ఏటా డిసెంబరు 17న మనం పెన్షనర్ల దినోత్సవం జరుపుకుని ఆ తీర్పును స్మరించుకుంటాం. చేసిన సేవకు దక్కవలసిన ప్రతిఫలం అన్నమాట వేదికమీద వినపడినప్పుడల్లా నాకు పెద్దాయన గుర్తుకు వస్తాడు. ఆయన చేసినదీ సేవే. హక్కుగా మారడానికి కావలసిన కాగితం మాత్రం ఆయన దగ్గర లేదు.

మొన్న చేజర్ల వెళ్ళినప్పుడు ఆయన ఇల్లు వెతుక్కుంటూ పోయాను. ఆయన పోయి చాలా ఏళ్ళయిందట. కోడలు నన్ను గుర్తుపట్టలేదు, చెట్టు మాట చెబితే గుర్తుపట్టింది. "మా మామ కొమ్మ గుచ్చిన చెట్టా? ఆ పొద్దు ఆఫీసులో కాగితం ఇచ్చారని మా అత్తతో నవ్వుతా చెప్పేవాడంట సార్" అన్నది. ఆ కాగితం రాసినది నేనేనని చెప్పాను. ఆమె కాసేపు ఊరుకుని, "కాఫీ తాగుతారా సార్?" అని లోపలికి వెళ్ళింది. ఆయన పేరు పత్రికలో వేయనా అని అడిగితే, "పేరెందుకు సార్, మాకొక కొమ్మ తెచ్చి గుచ్చండి చాలు" అన్నది. అందుకే ఇక్కడ పేరు రాయలేదు. కొమ్మ మాత్రం గుచ్చి వచ్చాను.

పెంచేవారికి నాలుగు మాటలు

ఇంటి దగ్గర కాలక్షేపానికి మొక్కలు పెంచే మిత్రుల కోసం నా అనుభవం క్లుప్తంగా రాస్తున్నాను.

చోటు: రోజుకు కనీసం ఆరు గంటలు నేరుగా ఎండ తగలాలి. నీడలో పెరుగుతుంది గాని పూయదు. ఎర్రమట్టి, ఇసుక కలిసిన నేల మంచిది. నీరు నిలవకూడదు. 2015 నవంబరు వానలకు నెల్లూరులో మా ఇంటి ముందు వారం రోజులు నీరు నిలిచి, కుండీలో ఉన్నవి బతికి, నేలలో ఉన్నవి రెండు వేరు కుళ్ళి చచ్చాయి.

కొమ్మ నాటడం: తొలకరి తర్వాత, జూలై, ఆగస్టు నెలల్లో పెన్సిలు లావు ముదురు కొమ్మను జానెడు పొడవున కోసి, ఆకులు తీసి, ఇసుక కలిపిన మట్టిలో ఏటవాలుగా సగం దాకా గుచ్చాలి. నీడన ఉంచి మట్టి ఆరిపోకుండా చూడాలి. ఆరు నుండి ఎనిమిది వారాల్లో వేరు పడుతుంది. దీని వేళ్ళు చాలా పెళుసు. కుండీ మార్చేటప్పుడు మట్టిగడ్డ చెదరకుండా ఎత్తి పెట్టాలి. మొక్కను పట్టుకుని లాగితే ఇక ఆశ వదులుకోవలసిందే.

కత్తిరింపు: పూలు కొత్త కొమ్మలకే వస్తాయి. ఎండాకాలపు పూత అయిపోయాక మృగశిర కార్తెలో గట్టిగా కత్తిరించాలి. ఆ తర్వాత పొడుగ్గా సాగిన కొమ్మల కొసలు అప్పుడప్పుడు గిల్లితే పొద గుబురుగా వస్తుంది. నవంబరు తర్వాత కత్తెర ముట్టవద్దు, రాబోయే పూత పోతుంది. తోలు తొడుగులు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. మనలో షుగరు ఉన్నవారు ఈ ముళ్ళతో మరీ జాగ్రత్తగా ఉండాలి. గుచ్చుకుంటే వెంటనే సబ్బుతో కడిగి, వాపు వస్తే డాక్టరుకు చూపించాలి.

నీళ్ళు: మొదటి ఏడాది మొక్క నిలదొక్కుకునేదాకా క్రమంగా పోయాలి. ఆ తర్వాత ఈశాన్యపు వానలు ఆగగానే నీళ్ళు తగ్గించాలి. లేత ఆకులు వాడేదాకా ఆగి, తర్వాత ఒకసారి బాగా తడిపి, మళ్ళీ మట్టి ఆరేదాకా ఆగాలి. బెట్ట అంటే చంపడం కాదు, ఆకంతా రాలి కొమ్మ ఎండేదాకా పోనివ్వకూడదు. కుండీ మొక్కలకు ఈ విషయంలో మరింత కనిపెట్టి ఉండాలి.

ఎరువు: యూరియా వేయకండి, ముళ్ళు పెరుగుతాయి. కత్తిరించినప్పుడు ఒకసారి చివికిన పశువుల ఎరువు, చలికాలం ముందు కాస్త ఎముకల పొడి, గుప్పెడు కట్టెల బూడిద చాలు. కుండీ మరీ పెద్దది అక్కరలేదు. వేళ్ళు ఇరుకుగా ఉంటేనే ఇది బాగా పూస్తుంది.

పురుగు: ఆకులు అంచుల నుండి కొరికినట్టు కనపడితే రాత్రిపూట తినే పచ్చపురుగు పని. పిండినల్లి పడితే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీరు కలిపి సాయంత్రం చల్లితే సరిపోతుంది.

ఒక మనవి

చేజర్లలో ఆ చెట్టు రేపో మాపో పోతుంది. కొత్త కట్టడం రావలసిందే, నేను కాదనను. మొద్దుతో సహా తవ్వి మరోచోట నాటడం ఈ వయసు చెట్టుకు కష్టం. అందుకని కత్తిరింపు కాలం రాగానే మళ్ళీ వెళ్ళి వీలైనన్ని కొమ్మలు కోసి తెద్దామని నిశ్చయించుకున్నాను. అక్కడి కుర్రవాడు అంతవరకు పని మొదలుకాదనే అన్నాడు. ఒకవేళ మొదలైనా, ఆ చెట్టు నుండి వచ్చిన ఉదయగిరి కొమ్మల పిల్లలు మా ఇంటి మేడమీద ఎనిమిది కుండీల్లో ఉన్నాయి. అదే చెట్టు, అదే రంగు.

జూలైలో గుచ్చినవి డిసెంబరుకు కుదురుకుంటాయి. డిసెంబరు 17న మన సమావేశానికి తీసుకువస్తాను. కావలసిన సభ్యులు ముందుగా కార్యదర్శిగారికి పేరు చెబితే ఆ లెక్కన తెస్తాను. ఖరీదు ఏమీ లేదు. ఒక్కటే షరతు. ఎవరైనా మీ ఇంటికి వచ్చి "ఈ చెట్టు ఎక్కడిది?" అని అడిగితే, చేజర్లలో ఒక పార్ట్‌టైం తోటమాలి నాటిన చెట్టు కొమ్మ అని చెప్పండి.